కొయ్య పట్కారు

మొన్న మా మనవరాలు కొత్త ఇల్లు తీసుకుని, వంటిల్లు చూపిస్తానని నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. అన్నీ బాగానే ఉన్నాయి. గోడకు బిగించిన ఒక పాత మొద్దు కనబడేసరికి మాత్రం నా కాళ్లు వాటంతట అవే వెనక్కి జరిగాయి. పొడుగాటి నల్లటి మొద్దు. కింది అంచున అర్ధచంద్రంలా కోసిన వంపులు వరసగా ఉన్నాయి. ఆ వంపుల పక్కన కొక్కేలు కొట్టించి గరిటెలు వేలాడదీసింది పిల్ల.

"పాత బంగళా కూలగొట్టిన చోట కొన్నాం అమ్మమ్మా, ఎంత బాగుందో చూడు" అంటోంది. చెయ్యి పైకి చాచి ఒక్కొక్క వంపు లోపల వేలు పెట్టి తడిమాను. గరిటెలు రెండు కింద పడ్డాయి. మనవరాలి భర్త గాభరాగా వచ్చి నన్ను నడుం దగ్గర పట్టుకున్నాడు. ముసలిదానికి మతి తప్పిందనుకుని ఉంటాడు, పాపం.

వంపుల లోపల గరుకుగా ఉంది. ఉలి దెబ్బలు వేలికి తగిలాయి. అంటే వాసాలు కూర్చోబెట్టడానికి కొట్టిన వంపులే. "గరుకే, నున్నగా లేదు" అన్నాను పైకే. "నున్నగా ఉంటే ఏమయ్యేది అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల. చెబుతాను కూర్చోమన్నాను.

మా బాపు, అంటే నాన్న, వడ్రంగి. వడ్లాయన అనేవారు అక్కడ. మాది గోదావరికి ఇవతల కరీంనగర్ వైపు ఊరు. అక్కడ నాగళ్ల పని మా పెదబాపుది. తమ్ముడు వేరే ఏదైనా చూసుకోవాల్సిందే. అందుకని బాపు మమ్మల్ని తీసుకుని గోదావరి దాటి, చెన్నూరు దగ్గర ఒక ఊళ్లో కాపురం పెట్టాడు. అక్కడికి అడవి దగ్గర, వారం వారం సాగే అంగడి కూడా దగ్గరే. నాగళ్లు, బండ్లు మానేసి వంటింటి సామాను చెయ్యడం మొదలుపెట్టాడు. తెడ్లు, గరిటెలు, కవ్వాలు, పప్పుగుత్తులు, ఉప్పు పోసుకునే చెక్క గిన్నెలు.

ఊళ్లో మగవాళ్లు నవ్వేవారు. "ఏందయ్యా వడ్లాయనా, ఆడోళ్ల పని వట్టినవ్?" అని. బాపు బాడిస ఆపకుండానే అనేవాడు, "నాగలి చేసిస్తె మీరు ఏడాదికోపారి తలుస్తరు. తెడ్డు చేసిస్తె మీ ఇంటామె పూటకోపారి తలుస్తది. ఏది లాభం?"

సరుకు బాపుది, తీర్పు అవ్వది, అంటే మా అమ్మది. అవ్వ దానితో జొన్న గట్క, అంటే జొన్న సంకటి, తిప్పి చూడనిదే ఏ తెడ్డూ అంగడికి పోయేది కాదు. గట్క తిప్పడం అంటే మాటలు కాదు. పొయ్యి మీద కుండ కాళ్లతో అదిమిపట్టి రెండు చేతులా తిప్పాలి. అవ్వ తిప్పుతూ, ముఖం మీద చెమట భుజానికి తుడుచుకుంటూ, లోపాలు ఏకరువు పెట్టేది. "బొటనవేలుకు జాగ లేదు." "మెడ కాడ సన్నగైంది, విరుగుతది." "గీ అంచు జర చదునుగుంటె అడుగంటింది గోకచ్చు." బాపు ముఖం చిన్నబుచ్చుకునేవాడు గాని, సాయంత్రానికల్లా బొటనవేలికి పల్లం, గోకడానికి చదును అంచు వచ్చేవి. ఎడమచేతి వాటం ఆమె ఒకతె వస్తే, ఆమె కోసం వంపు అటువైపు తిప్పి గరిటె చేశాడు. ఆమె దాన్ని పట్టుకుని వాకిట్లోనే గాలిలో పులుసు కలిపినట్టు చేసి ఏడ్చినంత పని చేసింది.

ఇల్లంతా ఇప్పనూనె వాసన. చేసిన సామానుకు బరెంక ఆకు రుద్ది నున్నగా చేసి, నూనె రాసి, నీడన ఆరబెట్టేవారు. ఆ ఆకు గరుకు నాలుకలా ఉంటుంది. చెక్క పెచ్చులన్నీ మా పొయ్యిలోకే. పొయ్యి పొగ వాసన బట్టి బాపు ఆ రోజు ఏ కట్టె చెక్కుతున్నాడో నేను చెప్పగలిగేదాన్ని. మద్ది అయితే గొంతులో పట్టేది. జిట్రేగి అయితే తియ్యగా ఉండేది. జిట్రేగి దొరికిన రోజు మాకు పండగ, ఎందుకంటే అంత నల్లగా, అంత గట్టిగా ఉండి, పులుసులో నానినా విచ్చుకోని కట్టె ఇంకొకటి లేదనేవాడు బాపు.

మా ఎదురింట్లో ఒక ముసలి దంపతులు ఉండేవారు. మేము ఊళ్లోకి వచ్చిన కొత్తలో మాకు నిలువ నీడ చూపించింది వాళ్లే. ఆమెను పెద్దవ్వ అనీ ఆయనను తాత అనీ పిలిచేదాన్ని. పిల్లలు లేరు వాళ్లకు. తాత మనిషి ఎత్తరి, గొంతు ఊరవతలికి వినబడేది. ఆయన పెరట్లో సీతాఫలం చెట్లుండేవి. కండ్లు విచ్చుకున్న కాయలు చూస్తే మా చేతులు ఊరుకునేవి కావు. దొంగతనం చేసి గోడ దూకేవాళ్లం. ఆయన మంచంలోంచే అరిచేవాడు. లేచి వెంబడించలేడని మాకు తెలుసు. ఆయన రెండు కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవాడు. చీలమండల చుట్టూ చర్మం గుండ్రంగా, తెల్లగా, మెరుస్తూ ఉండేది.

ఒకనాడు సీతాఫలం గుజ్జు మూతికి అంటుకుని ఉండగానే, ఏమెరగనట్టు వెళ్లి ఆయన పక్కన కూర్చుని అడిగాను. "తాతా, నీ కాళ్లకేమైంది?"

"కడియాలు పెట్టుకున్న బిడ్డా."

"వెండియా?"

"దొరోరు పెట్టించిన్రు. జర బిర్రుగున్నయి" అని నవ్వాడు.

దొర అంతటివాడు కడియాలు పెట్టించాడంటే తాత ఎంత గొప్పవాడో అనుకున్నాను. ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ కుండ తోముతూ "ముసలోడు నిన్ను ఆట పట్టిస్తుండు" అంది. ఆ మాట అంతటితో పోయింది. ఆ ఊళ్లో దొర గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. దొర పట్నం వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఊరి చివర గడి, అంటే ఆయన కోటలాంటి ఇల్లు, తాళాలు వేసి ఉండేది. ఒక ముసలి గుమాస్తా మాత్రం అక్కడ కాపలాగా ఉండేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. నాకు అన్నం తినేటప్పుడు కాళ్లు ఊపే అలవాటు. అరుగు మీద కూర్చుంటే చాలు, కాళ్లు వాటంతట అవే ఆడేవి. ఇంటికి దరిద్రమని అవ్వ తొడ మీద ఒకటి వేసేది. తాత చూస్తే మాత్రం నా పక్షమే. వీధికి అటువైపు నుంచే కేకేసేవాడు. "ఊపనీయ్యే. కాళ్లున్నయి, ఊపుతది." అవ్వకు ఒళ్లు మండేది. పెద్దవాడని ఏమీ అనలేక ఊరుకునేది.

ఆ ఏడు వానలు పోతుండగా జంగ్లాతు వాళ్లు, అంటే అడవి జవాన్లు, మా ఇంటి మీద పడ్డారు. అంతకుముందు పడిన చెట్టు, ఎండిన కొమ్మ ఎవరైనా తెచ్చుకునేవారు. కొత్త కట్టుబాట్లు వచ్చాయట. పెరట్లో ఆరబెట్టిన కట్టె అంతా బండికెత్తుకుని పోయారు, చెక్కడం సగంలో ఉన్న గరిటెలతో సహా. అవ్వ ఒక్కతే బండి వెనక కొంతదూరం నడిచింది, "గరిటెలన్న ఇచ్చిపోండ్రి అయ్యా" అంటూ. వాళ్లు తిరిగి చూడలేదు.

బతుకమ్మ పండగ దగ్గర పడుతోంది. అంగట్లో సామాను అమ్ముడయ్యే రోజులవి. ఇంట్లో చెక్క ముక్క లేదు. గోదావరి దాటి వెనక్కి పోదామంది అవ్వ. బాపు గోడకు ఆనుకుని కూర్చుని చేతులు చూసుకునేవాడు.

అట్లాంటి సమయంలో వానకు గడి ఒక పక్క కూలింది. గుమాస్తా మనిషిని పంపి బాపును పిలిపించాడు. ఆయనకు ఒక మంచం, రెండు కుర్చీలు కావాలి. కూలి డబ్బులు ఇవ్వలేడు, బదులుగా కూలిన పక్క కట్టె ఎంత కావాలంటే అంత తీసుకుపొమ్మన్నాడు. బాపు వెళ్లి చూసి, పరుగులాంటి నడకతో ఇంటికొచ్చాడు. "జిట్రేగే, సగం జిట్రేగి. ఎన్నేండ్ల కిందటిదో, ఎముకలెక్క ఎండింది" అన్నాడు అవ్వతో. అవ్వ దండం పెట్టుకుంది.

కట్టె బండి మా వీధిలోకి వచ్చినప్పుడు నేను బండి మీద కూర్చుని ఉన్నాను. మామూలుగా బండి వస్తే పిల్లలు వెనక వేలాడతారు. ఆ రోజు ఎవరూ రాలేదు. వాకిళ్లలో తంగేడు పూలు తెంపుతున్న ఆడవాళ్లు పూలు ఒళ్లో వేసుకుని లోపలికి పోయారు. పెద్దవ్వ ఒక్కతే గడపలో నిలబడి అడిగింది.

"గడిల కట్టెనా వడ్లాయనా?"

"ఔ పెద్దవ్వా. మంచి కట్టె."

"మంచి కట్టెనే" అంది ఆమె. "జర చూసుకో" అని లోపలికి పోయింది. వాళ్లకు గడి అంటే ఇంకా భయం పోలేదని బాపు నవ్వాడు. మేము బయటినుంచి వచ్చినవాళ్లం. మాకు గడి అంటే కూలిన గోడ, అంతే.

ఆ కట్టెలో ఒక జంట మొద్దులు ఉన్నాయి. రెండూ ఒకే పొడుగు, ఒకే లావు. రెండింటికీ ఒక అంచున వరసగా సగం వంపులు. బాపు వాటిని పెరట్లో పక్కపక్కన పడుకోబెట్టి, చాలాసేపు చుట్టూ తిరిగాడు. వాసాలు కూర్చోబెట్టే దూలాలు అనుకున్నాడు. కాని వంపు లోపల వేలు పెడితే వేలు జారుతోంది. అవ్వను పిలిచి చూపించాడు.

"వాసాల కోసం కొట్టిన వంపు గింత నున్నగెందుకుంటది?"

"నూనె వెట్టి రుద్దిన్రేమో."

"లోపల కనవడని జాగకు నూనె ఎవడు పెడ్తడే? ఎవడో గాని పనిమంతుడు. బరెంక ఆకు గింత నునుపు తేదు."

నేను కూడా వేలు పెట్టి చూశాను. నా చెంపకంటే నున్నగా ఉంది. ఆ నునుపు ఇప్పటికీ వేలికి తెలుస్తుంది.

ఆలోచన మా అవ్వదే. ఆ రోజుల్లో పప్పు, పాలు, పులుసు అన్నీ చిన్న మట్టికుండల్లోనే. పటువలనేవారు. దించేటప్పుడు మసిగుడ్డ జారి చేతులు కాలని ఆడది ఆ ఊళ్లో లేదు. పెద్దవ్వ చేతులైతే వణికేవి, ఆమె మణికట్ల దాకా బొబ్బలే. అవ్వ ఇంట్లోకి పోయి ఒక ఖాళీ పటువ తెచ్చి, దాని మెడను ఒక మొద్దు వంపులో ఆనించింది. రెండో మొద్దును దానికి ఎదురుగా జరపమంది. రెండు సగాలు కలిసి గుండ్రమయ్యాయి. పటువ మెడ చుట్టూ సరిగ్గా సరిపోయింది. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీయవ్వ, గిదేదో నీ కోసమే చేసి పెట్టినట్టున్నదే" అన్నాడు.

మొద్దుల్ని వంపు వంపుకూ ముక్కలుగా కోసి, పలచగా చెక్కి, పిడులు దిద్దాడు. ఒక కొసన రెండు చెక్కలకూ తోలు పట్టీ. రెండో కొసన చెక్క సీల. పటువ మెడకు పెట్టి మూసి సీల దిగేస్తే టక్ మని బిగుసుకునేది. ఎంత వేడి కుండైనా పిడి పట్టుకుని దించుకోవచ్చు, వంచి గంజి వార్చుకోవచ్చు. వంపు లోపలి నునుపు మాత్రం బాపు ముట్టుకోలేదు. అంత మంచి పని చెడగొట్టడానికి చెయ్యి రాలేదన్నాడు. దానికి కొయ్య పట్కారు అని పేరు పెట్టింది అవ్వే.

చెన్నూరు అంగట్లో వాటిని చూసి ఆడవాళ్లు గుమిగూడారు. తీసుకుపోయినవన్నీ అమ్ముడుపోయాయి. బాపు నాకు తియ్యటి మలీద ముద్ద కొనిపెట్టాడు. వచ్చే అంగడికి ఇంకా కావాలని చెప్పినవాళ్లు ఉన్నారు. ఇక గోదావరి దాటే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆ జంట మొద్దుల మీదే మా బతుకు నిలబడిందనుకున్నాం.

దసరా నాడు పనిముట్లు ముట్టుకోరు. బాడిస, ఉలి, రంపం కడిగి పీట మీద పెట్టి పూజ చేస్తారు. బాగా చేసిన కొయ్య పట్కారు ఒకటి వాటి పక్కన పెట్టాడు బాపు. అవ్వ దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మేమంతా దండం పెట్టాం. అది పెద్దవ్వకు ఇవ్వాలని వాళ్లిద్దరూ ముందే అనుకున్నారు. మాకు నీడ ఇచ్చిన మనిషి, చేతులు కాల్చుకుంటూ ఉంటే చూడలేమని అవ్వ అంది.

మర్నాడు పొద్దున ముగ్గురం కలిసి ఎదురింటికి వెళ్లాం. అవ్వ కొత్త గుడ్డలో చుట్టి పట్టుకుంది. వాళ్ల పొయ్యి వాకిట్లోనే. పటువలో పెసరపప్పు ఉడుకుతోంది, ఎల్లిపాయ వాసన వీధి దాకా వస్తోంది. తాత మంచం మీద కాళ్లు కిందికి వేసి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, మాకు వీపు పెట్టి.

"పెద్దవ్వా, ఇగ నీ చేతులు కాలయి. చూడు" అన్నాడు బాపు. గుడ్డ విప్పి, పొయ్యి ముందు గొంతుకూర్చుని, పటువ మెడకు రెండు చెక్కలూ పెట్టి మూశాడు. సీల దిగేశాడు. టక్ మంది.

తాత పళ్లెం కింద పడింది. అంత పెద్ద మనిషి, ఈడ్చుకుంటే గాని కదలని ఆ కాళ్లను, ఒక్క ఊపున మంచం మీదికి లాక్కుని కడుపులో పెట్టుకున్నాడు. తిరిగి చూశాడు. బాపు పైకెత్తిన పటువ మెడ ఆ చెక్కల మధ్య ఉంది. ఆయన రెండు చేతులూ జోడించి మా బాపుకు మొక్కాడు.

"దొరా, పొద్దుగాల వస్త. ఎడ్లను కట్టుకొని వస్త దొరా. బిడ్డకు జరమున్నది, గందుకే రాలే. సీల తియ్యుమను. ఒక్కపారి ఇంటికి పోయి బిడ్డను చూసి వస్త. మళ్ల వచ్చి నేనే కాళ్లు పెడ్త."

మా బాపును దొర అన్నాడు. మోకాళ్లకు అతుకుల పంచె కట్టుకున్న మా బాపును. ఊరవతలికి వినబడే ఆ గొంతు అంత సన్నగా అవుతుందని నాకు తెలియదు. నేను అవ్వ వెనక్కి పోయి ఆమె కొంగు పట్టుకున్నాను. బాపు కంగారుపడి సీల గుంజాడు. చెక్కలు విచ్చుకుని పటువ కింద పడి పగిలింది. పప్పు వాకిట్లో పారింది. ఎవరూ దాని వంక చూడలేదు.

పెద్దవ్వ ఆ చెక్కలను చేతిలోకి తీసుకుంది. ఆమె ఎప్పుడూ గడి లోపలికి పోయిన మనిషి కాదు. అయినా వంపు లోపల వేలు పెట్టి తడిమి, మొగుడి చీలమండల వైపు చూసింది.

"గిది బొండ" అంది.

బాపుకు అర్థం కాలేదు. ఆమె నేల మీద కూర్చుని చెప్పింది. బొండ అంటే రెండు మొద్దుల మధ్య మనిషి కాళ్లు పెట్టి సీల బిగించేది. గడిలో ఉండేదది. దొర మాట జవదాటిన వాళ్లను అందులో వేసేవారు.

"ఇరువాలు దున్నే దినాలు. మాకు ఒక్కతే బిడ్డ, గీ పోరి అంతుంటది" అని నా వైపు చూపించింది. "దానికి జరమొచ్చి కండ్లు తెరుస్త లేదు. గీయన ఎట్టి చాకిరికి పోలే. దొర జవాన్లొచ్చి గుంజుకపోయిన్రు. నేను గడి దర్వాజ కాడ కూసున్న, మొక్కిన, ఏడ్సిన. లోపలికెల్లి గీయన ఒర్రుడు ఇనవడేది. వదిలిపెట్టినంక నేనే ఈపు మీద ఏసుకొని తెచ్చిన. ఇంటికొచ్చేవరకు బిడ్డ లేదు."

బాపు తన కుడిచేతి వేలిని చూసుకుంటున్నాడు. ఎవడో పనిమంతుడు అనుకున్న ఆ నునుపు ఎట్లా వచ్చిందో అప్పుడు అర్థమైంది మాకు. ఊరి మనుషుల కాళ్లు రుద్దుకుని రుద్దుకుని అయిన నునుపది. అవ్వ పెద్దవ్వ చేతిలోంచి చెక్కలు తీసుకుంది. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది. కొంగుతో తుడిచింది. పోయినా తుడుస్తూనే ఉంది. "బొట్టు పెట్టిన, దీనికి నేను బొట్టు పెట్టిన" అంటోంది, ఎవరితో అంటోందో తెలియదు.

బాపు అక్కణ్ణుంచి నేరుగా గడికి పోయాడు. నేనూ వెంట పరిగెత్తాను. గుమాస్తా బాపు చేసిన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. "అది బొండ అని నీకు తెల్సు గద. ఎందుకు చెప్పలే?" అన్నాడు బాపు. గుమాస్తా తాపీగా అన్నాడు, "కట్టె అడిగినవ్, కట్టె ఇచ్చిన." ఇంతే. తమలపాకుకు సున్నం రాసుకోవడం కూడా ఆపలేదు. నా బతుకులో చాలామంది కఠినులను చూశాను గాని, ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో ఏమీ లేకపోవడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఊళ్లోవాళ్లను అడిగాడు బాపు. బండి వీధిలోంచి వస్తున్నప్పుడే ఎందుకు చెప్పలేదని. మా పక్కింటి నేతపనివాడు, "చెప్పాల్నంటె దాని పేరు పలుకాలె గద వడ్లాయనా" అన్నాడు. ఆయన కూడా పంచెను చీలమండల మీదికి లాక్కోవడం నేను చూశాను.

అంగట్లో అమ్మినవాటిని వెనక్కి తెస్తానని బాపు బయలుదేరాడు. ఒక్కొక్క ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి, సంగతి చెప్పి, బదులు మంచి తెడ్డు ఇచ్చి తెచ్చాడు. ఒకామె కొంగుతో పట్టుకొచ్చి, మా చేతికి తగలకుండా గడప మీద పెట్టింది. ఇంకొకామె, కూలి చేసుకునే మనిషి, అంతా విని కూడా ఇవ్వనంది. "గన్ని కాళ్లు వట్టింది. ఇప్పుడు నా చేతులు కాలకుంట కాస్తుంది. కాయనీ" అంది. చివరికి ఆ ఒక్కటీ ఆమె దగ్గరే ఉండిపోయింది.

తాత మంచం దిగడం లేదు. పెద్దవ్వ పళ్లెం తెచ్చి నోట్లో పెడితే తినేవాడు. కాళ్లు మాత్రం కడుపులోంచి తీసేవాడు కాదు. దుప్పటి కప్పుకునేవాడు. సీతాఫలాలు చెట్టు మీదే మగ్గి రాలుతున్నా మేమెవ్వరం ముట్టుకోలేదు. మా ఇంటికి సామాను కోసం ఎవరూ రావడం లేదు. అవ్వ మూటలు కట్టడం మొదలుపెట్టింది. "ఇగ గీ ఊళ్లె మొఖం ఎట్ల చూపెడ్తం?" అంది. బాపు, "ముసలాయన మంచం దిగినంక పోదాం. గట్ల వదిలిపెట్టి ఎట్ల పోత?" అన్నాడు.

ఒక పొద్దున బాపు మిగిలిన ముక్కలన్నీ మూటగట్టి, రంపం, బాడిస తీసుకుని ఎదురింటికి పోయాడు. తాత మంచానికి ఎదురుగా, ఆయనకు కనబడేట్టు నేల మీద కూర్చున్నాడు. ఒక్కొక్క ముక్క తీసి, వంపు ఉన్న చోటును రంపంతో కోసి పారేస్తున్నాడు. వంపులు ఒక పక్క, తిన్నని చెక్కలు ఒక పక్క. తాత దుప్పటి సందులోంచి చూస్తున్నాడు. జిట్రేగి పొట్టు తియ్యటి వాసన వాకిలంతా నిండింది. చివరి వంపు తెగి పడ్డాక బాపు ఆ వంపు ముక్కలన్నీ ఏరి, చేతుల మీద చెమట తుడుచుకుని లేచాడు.

"వాగుల కలుపుత తాతా" అన్నాడు.

తాత అప్పుడు మాట్లాడాడు. అన్ని రోజుల తరవాత అదే మొదటి మాట. "గవి కలుపు. గా తిన్నటి చెక్క ఉండనియ్. నాకు పీట చెయ్యి."

"గీ కట్టెతోనా?"

"గీ కట్టెతోనే. గిన్నేండ్లు అది నా కాళ్ల మీద కూసున్నది. ఇగ నేను దాని మీద కూసుంట."

పెద్దవ్వ వద్దంది, ఏడ్చింది. తాత వినలేదు. బాపు అక్కడే, ఆ వాకిట్లోనే పీట చేశాడు. మేకు వాడలేదు, చెక్కలో చెక్క దించాడు. ఇప్పనూనె రాశాడు. అవ్వ కొత్త పటువలో పప్పు వండి, గట్క చేసి తీసుకొచ్చింది. మసిగుడ్డతోనే దించింది.

తాత దుప్పటి తీశాడు. ఒక కాలు, తరవాత ఒక కాలు, నేల మీద పెట్టాడు. బాపు భుజం పట్టుకుని వచ్చి, పీట మీద కూర్చున్నాడు. అన్ని రోజులు కడుపులో దాచుకున్న కాళ్లను ముందుకు చాపుకున్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని గట్క ముద్ద పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. మేమంతా చుట్టూ నిలబడి ఆయన తింటుంటే చూస్తున్నాం.

తింటూ తింటూ ఆయన కుడి పాదం కదిలింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. మళ్లీ కదిలింది. ఇటు, అటు. ఆయనకు తెలియకుండానే ఊపుతున్నాడు. చీలమండ చుట్టూ ఆ తెల్లటి మెరుపు ఎండలో కనబడుతోంది. తినేటప్పుడు కాళ్లు ఊపితే తొడ మీద ఒకటి వేసే మా అవ్వ, చేతిలో తెడ్డుతో అట్లాగే నిలబడి ఆ పాదాన్ని చూస్తోంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

మేము ఆ ఊరు వదిలిపోలేదు. మూటలు విప్పింది అవ్వ. నేను పెళ్లయి వచ్చేదాకా అక్కడే పెరిగాను. కొయ్య పట్కారు మాత్రం బాపు మళ్లీ చెయ్యలేదు, ఎంతమంది అడిగినా.

ఇదంతా చెప్పడం అయ్యేసరికి మనవరాలు కొక్కేలకు ఉన్న గరిటెలన్నీ తీసి బల్ల మీద పెట్టింది. "గరుకుగానే ఉంది కదే, ఉండనీ" అన్నాను. "అయినా సరే అమ్మమ్మా, నాకు చూడబుద్ధి కావట్లేదు" అంది. నేను ఎందుకు చెప్పానా అనిపించింది, చెప్పకపోతే ఎట్లా అనీ అనిపించింది.

అప్పుడే దాని కూతురు, అయిదేళ్లది, బల్ల ముందు ఎత్తు కుర్చీ ఎక్కి పెరుగన్నం తింటూ రెండు కాళ్లూ ఊపడం మొదలుపెట్టింది. మనవరాలు అలవాటు కొద్దీ కసిరింది. "కాళ్లు ఊపకని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఊపనీయ్యే" అన్నాను. "కాళ్లున్నయి, ఊపుతది."